చోకు లేని కారు

పందొమ్మిది వందల అరవై తొమ్మిది ఏప్రిల్ నెలలో ఒక మంగళవారం మధ్యాహ్నం, డాక్టర్ రాజారత్నంగారి కారు గుడివాడలో గంగరాజు షెడ్డు ముందుకొచ్చి నల్లటి పొగ కక్కి ఆగిపోయింది. డ్రైవరు అబ్బులు దిగి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. చొక్కా అప్పటికే మసి.

"పొద్దున్నే ఆరింటికి నాగాయలంకలో బయల్దేరానండీ. పులిగడ్డ దాటేలోపు రెండుసార్లు, చల్లపల్లిలో ఓసారి, పామర్రులో ఓసారి ఆగిపోయింది. ఆగినప్పుడల్లా ప్లగ్గులు విప్పడం, తుడవడం, మళ్లా బిగించడం. చల్లారాక ఆరేడు మైళ్లు బాగానే వస్తుంది. ఇంజను వేడెక్కిందా, ఇక ఇదే వరస."

"ఎప్పట్నించి?"

"మీరు ఇంజను విప్పి టాపెట్లు సరిచేసి పంపించారు చూడండి, ఆ తర్వాత నాలుగు రోజులకి. పోయిన గురువారం నించీ డాక్టరుగారు బస్సుల్లోనే తిరుగుతున్నారు."

గంగరాజు ఇంజను మూత ఎత్తబోయి ఆగాడు. పైకి మాత్రం "సరే, చూద్దాం" అన్నాడు.

అది మామూలు కారు కాదు. నాగాయలంక దగ్గర డాక్టరుగారు నడిపే ఆసుపత్రికి జర్మనీలో కొందరు స్నేహితులున్నారు. వాళ్లు చందాలు వేసుకుని కొని, మద్రాసు రేవుకి ఓడలో పంపించారు. ఇంజను వెనకుంటుంది. నీళ్లు పోసే పని లేదు, గాలితోనే చల్లబడుతుంది. అంతవరకూ గంగరాజుకి ఇబ్బంది లేదు. కానీ దానికి కార్బురేటర్ లేదు. దాని బదులు నాలుగు సిలిండర్ల దగ్గర నాలుగు ఇత్తడి ముక్కుల్లాంటివి, ఒక్కోదానికి ఒక పెట్రోలు గొట్టం, ఒక కరెంటు తీగ. ఆ తీగలన్నీ వెళ్లి వెనకసీటు పక్కన రేకు మాటున ఉన్న ఒక పెట్టెలో దూరతాయి. పెట్టె మూత ఒకసారి తీసి చూశాడు గంగరాజు. లోపల రేడియోలో ఉండే సరంజామా. వెంటనే మూసేశాడు.

గంగరాజుకి నలభై నాలుగేళ్లు. బందరు నుంచి బెజవాడ దాకా డ్రైవర్లు అతని చెవి గురించి చెప్పుకునేవాళ్లు. లారీ సందు మలుపు తిరగక ముందే ఏ సిలిండరు దెబ్బ తప్పుతోందో చెప్పేవాడు. కార్బురేటర్ స్క్రూ మీద రెండు వేళ్లు పెట్టి, కళ్లు మూసుకుని, ఇంజను చప్పుడు వింటూ తిప్పేవాడు. అలాంటివాడు ఈ కారు ముందు ఏది తిప్పాలో తెలియక నిలబడ్డాడు. తిప్పడానికి స్క్రూయే లేదు.

సాయంత్రంలోపు ప్లగ్గులు మార్చాడు. పెట్రోలు గొట్టాలు ఊదాడు. స్టార్టు చేస్తే ఇంజను హాయిగా తిరిగింది. అబ్బులు మొహం వెలిగింది. పది నిమిషాలు గడిచాక చప్పుడు బరువెక్కింది. తర్వాత గుర్రుగుర్రుమంటూ కుంటింది. వెనక నల్లటి పొగ. ప్లగ్గు విప్పితే పెట్రోలుతో తడిసి, బొగ్గులా ఉంది.

"చోకు పడిపోయినట్టుంది" అన్నాడు గంగరాజు తనలో తను.

"ఏంటండీ?"

"చలికాలం పొద్దున్నే బండి లేవకపోతే చోకు లాగుతాం కదా, పెట్రోలు ఎక్కువ పోవాలని. వేడెక్కాక దాన్ని తోసెయ్యడం మర్చిపోతే బండి ఇట్టాగే ఏడుస్తుంది. కానీ దీనికి చోకే లేదు."

"మరి పెట్రోలు ఎట్టా వస్తుందండీ?"

"ఆ ముక్కుల్లోంచి చిమ్ముతుంది. ఇంజెక్టర్లంటారు."

"మా డాక్టరుగారిలాగే. సూదిమందే" అని నవ్వాడు అబ్బులు. గంగరాజు నవ్వలేదు.

అబ్బులు జేబులోంచి డాక్టరుగారి చీటీ తీసి ఇచ్చాడు. 'సోమవారం, గురువారం నేను హంసలదీవి వైపు వెళ్లి తీరాలి. క్షయ రోగులు ఎదురుచూస్తుంటారు. ఏదో ఒకటి చేసి కారు నడిచేలా చెయ్యండి' అని రెండు ముక్కలు. అబ్బులు ఆ రాత్రి బస్సుకే తిరిగి వెళ్లిపోయాడు. కారు షెడ్డులో మిగిలింది.

ఆ తర్వాతి మూడు రోజులూ గంగరాజు కాలు ఒకచోట నిలవలేదు. వేరే బండి కింద దూరేవాడు, సగం పనిలో పైకి లేచి కారు దగ్గరికొచ్చేవాడు. వెనక మూత ఎత్తేవాడు, దించేవాడు. టీ తెప్పించుకుని తాగడం మర్చిపోయేవాడు. ఏలూరు రోడ్డు దాకా నడిచివెళ్లి ఎందుకొచ్చాడో తెలియక వెనక్కి వచ్చేవాడు. భోజనం దగ్గర కూర్చుంటే రెండో ముద్ద దగ్గర చెయ్యి ఆగిపోయేది.

శుక్రవారం ఒక నిర్ణయానికొచ్చాడు. ఆ ముక్కులూ పెట్టే తీసిపారేసి, మామూలు కార్బురేటర్ బిగించేస్తే సరి. లేతు మిషను పిచ్చేశ్వరరావు దగ్గరికి వెళ్లి కొలతలు చెప్పాడు.

"ఆ గొట్టాలు కొయ్యాలి గదా?" అన్నాడు పిచ్చేశ్వరరావు. "కోశాక మళ్లా అతుకు పెట్టలేం. డాక్టరుగారికి చెప్పావా?"

"ఏదో ఒకటి చెయ్యమన్నారు."

"కొయ్యమన్నారా?"

"బుధవారానికి కావాలి" అని గంగరాజు వచ్చేశాడు.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రసంగం మధ్యలో ఉండగా బయట రోడ్డు మీద ఒక బస్సు ఆగి, ఇంజను ఒక దెబ్బ తప్పుతూ తిరుగుతోంది. గంగరాజు లేచి బయటికి నడిచాడు. తిరిగి రాలేదు. ఆరాధన అయ్యాక అతని భార్య మార్తమ్మ ఇంటికొచ్చేసరికి వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతున్నాడు.

"ప్రసంగం మధ్యలో లేచి వెళ్లిన మనిషిని మిమ్మల్నే చూశాను" అంది మార్తమ్మ.

"ఆ బస్సు..."

"బస్సు సంగతి కాదు. బాగుకాని బండ్లు మీ దగ్గరికి ఇంతకు ముందు రాలేదా? ఎప్పుడూ ఇంత తిరగలేదు మీరు. ఇంకేదో ఉంది."

గంగరాజు ఆగాడు. చెప్పబోయి, "కార్బురేటర్ పెడుతున్నాను. బుధవారానికి అయిపోతుంది" అన్నాడు.

"తెలియని దాన్ని కోసేస్తారా? బందరులో మా పిన్నికూతురు దయామణి లేదూ, కాలేజీలో ఫిజిక్సు లాబులో? కరెంటు తీగలంటే దానికి భయం లేదు. ఒకసారి అడిగితే మీ సొమ్మేం పోదు."

"పిల్లలకి పాఠాలు చెప్పుకునే మనిషి ఇంజను గురించి ఏం చెబుతుంది?"

"ఇంజను గురించి చెప్పక్కర్లేదు. పెట్టె గురించి చెబితే చాలు గదా."

సోమవారం పొద్దున పాసింజరు ఎక్కాడు గంగరాజు. కారుతోపాటు వచ్చిన పుస్తకం సంచిలో పెట్టుకున్నాడు. పెడనలో అద్దకం గుడ్డల మూటలతో నేతగాళ్లు ఎక్కారు, చోటివ్వమని అడిగారు. అతను లేచి తలుపు దగ్గర నిలబడ్డాడు. బందరు స్టేషను వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు. ఆ గంటలో డాక్టరుగారు ఎక్కడుండి ఉంటారో అతనికి తెలుసు. హంసలదీవి బస్సు కోసం ఎండలో.

దయామణికి ముప్ఫై దాటాయి. పొడవాటి మనిషి, గట్టి గొంతు. పరీక్షలు అయిపోయి లాబు ఖాళీగా ఉంది. పుస్తకం విప్పి పేజీలు తిప్పింది.

"జర్మన్ నాకు రాదు బావగారూ. కానీ బొమ్మ వచ్చు" అంది, చివరి పేజీలో తీగల పటం మీద వేలు పెట్టి. "ఏ దేశంలో గీసినా కాయిలు కాయిలే. ఇదిగో, మీ ముక్కుల్లో ఒక్కోదాంట్లో ఒక చిన్న కాయిలుంది. కరెంటు వస్తే లోపలి సూది లేస్తుంది, పెట్రోలు చిమ్ముతుంది. కరెంటు ఆగితే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది. అంతే."

"అంతేనా? మరి ఎంత చిమ్మాలో ఎవరు చెబుతారు? కార్బురేటర్‌లో అయితే ఇంజను పీల్చే గాలే పెట్రోలుని లాక్కుంటుంది. ఎక్కువ పీలిస్తే ఎక్కువ వస్తుంది."

దయామణి కాసేపు పటం చూసింది. "పంపు పెట్రోలుని ఎప్పుడూ ఒకే ఒత్తిడితో తోస్తోంది. అంటే కుళాయి ఎంత వెడల్పుగా తిప్పామన్నది కాదిక్కడ, ఎంతసేపు తెరిచి ఉంచామన్నది. సెకండులో వెయ్యో వంతుల లెక్క. నాలుగు వంతులు తెరిస్తే కొంచెం, ఎనిమిది వంతులు తెరిస్తే దానికి రెట్టింపు. ఆ సమయం కొలిచి తెరిచేది మీరు మూసేసిన పెట్టె."

"దానికెలా తెలుస్తుంది?"

"దానికంతట దానికేం తెలీదు. నలుగురు చెబుతారు. ఎప్పుడు తెరవాలో ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరులో ఉన్న పాయింట్లు చెబుతాయి. ఇంజను ఎంత కష్టపడుతోందో ఈ గాలి గొట్టం చెబుతుంది. ఈ బుడిపె..." ఆమె వేలు ఆగింది. "బావగారూ, కారు ఏం చేస్తోందో మళ్లీ చెప్పండి. మీకేం వినపడిందో అదే చెప్పండి."

"చల్లగా ఉన్నప్పుడు హాయిగా తిరుగుతుంది. వేడెక్కాక పెట్రోల్లో మునిగిపోతుంది. చోకు లాగి వదిలేసినట్టు. కానీ చోకు లేదమ్మాయ్."

"ఉంది. ఇదే" అంది దయామణి, బుడిపె బొమ్మని వేలితో కొట్టి. "ఇంజను ఒంటి మీద ఉంటుంది. ఎంత వేడిగా ఉందో పెట్టెకి చెబుతుంది. చల్లగా ఉంటే కరెంటుని బాగా అడ్డుకుంటుంది, వేడెక్కేకొద్దీ అడ్డు తగ్గుతుంది. అడ్డు ఎక్కువుంటే పెట్టె ఇంజెక్టర్లని ఎక్కువసేపు తెరుస్తుంది. ఇప్పుడు ఆ తీగ తెగిపోయిందనుకోండి. ఇక కరెంటే వెళ్లదు. అంతకు మించిన అడ్డు ఉంటుందా? గుడివాడ ఎండలో నిలబడి కూడా, మంచులో కూరుకుపోయానని అనుకుంటుంది మీ కారు."

గంగరాజు పటం మీద నుంచి చూపు తీసేశాడు. "తీగ తెగిపోతే..." అన్నాడు.

"తెగిందో, బుడిపే పోయిందో, పెట్టే పోయిందో. కొలిస్తేగానీ చెప్పలేం. మా సారుని అడిగి మీటరు పట్టుకుని బుధవారం వస్తాను. ఈలోగా ఏదీ కొయ్యకండి."

బుధవారం పొద్దున తొమ్మిదింటికి దయామణి షెడ్డులో అడుగుపెట్టింది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని వెనకసీటులో మోకాళ్ల మీద కూర్చుంది. పెట్టె నుంచి తీగల కట్ట ఊడదీసి, ఒక్కో తీగకీ మీటరు పుల్ల తగిలిస్తూ పటంలో టిక్కు పెట్టుకుంటూ పోయింది. ఇంజెక్టర్లు నాలుగూ బాగున్నాయి. పాయింట్లు బాగున్నాయి. బుడిపె తీగ దగ్గరికొచ్చేసరికి ముల్లు కదల్లేదు. రెండోసారి పెట్టింది. ఊహూఁ.

ఇంజను దగ్గరికొచ్చి, బుడిపె దగ్గర తీగ ఊడదీసి నేరుగా బుడిపెకే మీటరు పెట్టింది. ముల్లు చక్కగా లేచింది.

"బుడిపె బాగుంది. మధ్యలో తీగ తెగింది. పైకి మాత్రం ఎక్కడా కనపడ్డం లేదు."

గంగరాజు ఇంజను మీదికి వంగాడు. వెతకలేదు. అతని చెయ్యి తిన్నగా ఒక చోటికి వెళ్లింది. కింద రేకు పక్కన, ఆ తీగ ఒక బోల్టుకి ఆనించి సన్నటి ఇనపతీగతో బిగించి కట్టి ఉంది. ఆ కట్టు జర్మనీ వాళ్లది కాదు. టాపెట్లు చూసేటప్పుడు పానాకి అడ్డం వస్తోందని తనే పక్కకి లాగి, ముడి తిప్పి, పట్టుకారుతో గట్టిగా నొక్కాడు. పని అయ్యాక విప్పుదామనుకున్నాడు. విప్పలేదు. ఇంజను అదురుకి లోపలి రాగి ఆ బిగువు దగ్గర తెగింది. పై తొడుగు మాత్రం అలాగే ఉంది.

ముడి విప్పి తీగని రెండు వేళ్ల మధ్య వంచాడు. దారంలా మెత్తగా వంగింది. తొడుగు చీల్చి రెండు కొసలూ మెలిపెట్టాడు. దయామణి ఊడదీసిన తీగలన్నీ తిరిగి తగిలించాక స్టార్టు చేశాడు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. ఇంజను ఒంటి మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. చప్పుడు మారలేదు. మెలి విప్పాడు. క్షణంలో చప్పుడు బరువెక్కి గుర్రుమంది. కలిపాడు. తేటపడింది. మళ్లీ విప్పాడు, మళ్లీ కలిపాడు.

"చాలు బావగారూ" అంది దయామణి మెల్లగా.

అతను తీగకి కొత్త ముక్క అతికి, తగరం పోసి, తొడుగు చుట్టాడు. చేతులు కడుక్కుంటూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు. "పోయిన మంగళవారం డ్రైవరు అబ్బులు, నేను టాపెట్లు చూశాక నాలుగు రోజులకి మొదలైందన్నాడు, అప్పుడే తెలిసింది నాకు. ఏ తీగో తెలీదుగానీ, నా చెయ్యి తగిలిన చోటే ఏదో ఉందని తెలుసు. ఆ వైపు చూడకుండా వారం తిరిగాను."

"ఇప్పుడు చూశారు గదా."

"డాక్టరుగారికి చెప్పాలి."

"చెప్పండి" అంది దయామణి, మీటరు సంచిలో సర్దుకుంటూ. "చెప్పేదాకా మీరు కూర్చోలేరు. అక్క నాకు ఉత్తరం రాసింది."

గురువారం పొద్దున్నే గంగరాజు తనే కారు నడుపుకుంటూ వెళ్లాడు. పామర్రు, చల్లపల్లి, మోపిదేవి. ఎక్కడా ఆపలేదు. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ మీదుగా దివిసీమలోకి దిగేసరికి చొక్కా తడిసిపోయింది. ఇంజను మాత్రం తంబూరాలా పాడుతోంది. ఆ చప్పుడు అతనికి సంతోషం కలిగించలేదు.

డాక్టర్ రాజారత్నంగారు అప్పుడే మందుల పెట్టె సర్దుకుంటున్నారు. సన్నటి మనిషి, జుట్టంతా తెల్లబడింది. కారు చూసి "బాగయిందా! ఏమిటి జబ్బు?" అన్నారు.

గంగరాజు మొత్తం చెప్పాడు. ఇనపతీగ ముడి సంగతి చెప్పాడు. దయామణి సంగతి చెప్పాడు.

డాక్టరుగారు సర్దడం ఆపారు. "పొరపాటు ఎవరికైనా జరుగుతుందిలే. ఎప్పుడు అనుమానం వచ్చింది నీకు?"

"మొదటి రోజేనండీ."

"మొదటి రోజే వస్తే వారం ఎందుకైంది?"

గంగరాజు కారు తాళం తీసి బల్ల మీద పెట్టాడు.

"హంసలదీవి దాకా బస్సులో వెళ్లాను" అన్నారు డాక్టరుగారు. "అక్కణ్ణుంచి పాలకాయతిప్ప వైపు ఇసకలో నడిచి తిరిగొస్తే ఆఖరి బస్సు అందదు. అందుకని ఆ నాలుగు గుడిసెల వాళ్లనీ వదిలేశాను. నాగేశ్వరమ్మని ఒకావిడ ఉంది. నాలుగు సూదులు తప్పాయి, మాత్రలు అయిపోయాయి. దగ్గితే మళ్లీ రక్తం పడుతోందని నిన్న కబురొచ్చింది." మందుల పెట్టె మూసి, "ఎక్కు. ఇవాళ నువ్వే నడుపు" అన్నారు.

హంసలదీవి దాటాక దారి ఇసకలో కలిసిపోయింది. కారు ఆపి, మడచెట్ల పక్కన ఇద్దరూ నడిచారు. గాలి ఈడ్చి కొడుతోంది. గుడిసె ముందు నీడలో కూర్చున్న నాగేశ్వరమ్మకి నలభై ఉంటాయేమో, ముఖం చూస్తే అరవై అనిపించింది. డాక్టరుగారిని చూసి లేవబోయింది. ఆయన వద్దని, సూది సిద్ధం చేసుకోసాగారు.

"కారు బాగయిందా బాబూ? ఈయనేనా బాగుచేసింది?" అని గంగరాజుకి చేతులెత్తింది.

"దండం పెట్టకమ్మా" అన్నాడు గంగరాజు. "పాడు చేసింది కూడా నేనే. నా వల్లే డాక్టరుగారు రాలేకపోయారు."

నాగేశ్వరమ్మ చేతులు దించింది. అతన్ని ఎగాదిగా చూసింది.

"రెండు వారాలు రోడ్డు వైపే చూశానయ్యా. చచ్చిపోతాననుకుని వదిలేశారేమో అనుకున్నా" అంది. తర్వాత డాక్టరుగారి వైపు తిరిగి, "మళ్లా మొదట్నించి పొడవాలా బాబూ?" అని అడిగింది.

"మొదట్నించే" అన్నారు డాక్టరుగారు.

గంగరాజు అక్కడ నిలబడలేక సముద్రం వైపు నాలుగు అడుగులు వేశాడు. మళ్లీ వెనక్కొచ్చాడు. డాక్టరుగారు దూది కోసం చెయ్యి చాపితే, పెట్టెలోంచి తీసి అందించాడు. మిగిలిన మూడు గుడిసెల దగ్గరా పెట్టె అతనే మోశాడు.

తిరిగి కారు దగ్గరికొచ్చాక వెనక మూత ఎత్తాడు.

"మళ్లీ ఏమైంది?" అన్నారు డాక్టరుగారు కంగారుగా.

"ఏమీ కాలేదండీ. మీకు చూపిద్దామని. ఇక మీదట నా కోసం మీరు ఎదురుచూడకూడదు. ఇదిగో, పెట్రోలు ఎంతసేపు చిమ్మాలో ఆ పెట్టె చూసుకుంటుంది. ఇంజను చల్లగా ఉందో వేడిగా ఉందో దానికి చెప్పేది ఈ బుడిపె. నల్లపొగ వస్తే ముందు ఈ తీగ పట్టుకుని వంచి చూడండి..."

ఎండలో చెయ్యి అడ్డం పెట్టుకుని డాక్టరుగారు వంగి చూశారు. రెండు ప్రశ్నలు అడిగారు. రెండో దానికి గంగరాజు, "దయామణిని అడిగి రాస్తానండీ" అన్నాడు.

వానాకాలం వెళ్లి, కోతలు మొదలయ్యాక అబ్బులు ఏదో పనిమీద గుడివాడ వచ్చాడు. టీ తాగుతూ కబుర్లు చెప్పాడు. నాగేశ్వరమ్మకి రక్తం పడడం ఆగిందట. ఒళ్లు కొంచెం పట్టిందట. ఈమధ్య ఎండుచేపలు గంపకెత్తుకుని నాగాయలంక సంతకి కూడా వచ్చిందట.

"నిన్న డాక్టరుగారితో పోట్లాడిందండీ, ఇంకెన్ని పొడుస్తారు, చాల్లే అని. ఆయన వినిపించుకోలా. ఇంకా పద్దెనిమిది ఉన్నాయి కూర్చోమన్నారు."

"కూర్చుందా?"

"కూర్చుంది. తిట్టుకుంటూనే."